మంచమెక్కించే మేడమ్

దానమ్మ మేడమ్‌కు ఉన్న పిచ్చి ఒక్కటే. ముసలివాళ్లకు ఎవరు ఏం చేసినా, ఆ పనిని ముందుగా ఆ చేసినవాళ్ల మీదే చేసి చూపించాలి. ఆ ఒక్కటీ తప్పిస్తే మెదక్ మొత్తంలో అంత నెమ్మదైన మనిషి దొరకదు. కానీ "ముందుగాల నువ్వు" అనే మాట ఆమె నోటినుంచి వచ్చిందంటే మాత్రం, ఎదురుగా ఉన్నది నర్సా, డాక్టరా, పైఅధికారా అన్న తేడా ఆమెకు ఉండదు.

చర్చి వెనక సందులో ఒక పాత పెంకుల బంగళా ఉంది. అందులోనే 'ఊరట' అనే వృద్ధుల దవాఖానా. పొడుగాటి హాలులో వరసగా మంచాలు, పక్క గదిలో ఒక నల్లబల్ల. నర్సింగు పాసై వచ్చినవాళ్లకు ముసలివాళ్లను ఎట్లా చూసుకోవాలో అక్కడ ఆరునెలలు నేర్పుతారు. నేర్పేది దానమ్మ మేడమ్. ఎక్కడెక్కడి ఆసుపత్రుల్లోనో పనిచేసి రిటైరై, ఇంట్లో తోచక మళ్లీ వచ్చింది. పొట్టి మనిషి. తెల్లచీర కొంగు నడుముకు బిగించి తిరుగుతుంది. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకున్నప్పుడు తప్ప గొంతు పెంచదు. భయమంతా అక్కడే. అరిచే మనిషైతే దూరంనుంచే తెలిసి పక్కకు తప్పుకోవచ్చు. ఈమె నవ్వుకుంటూ వచ్చి, సొంత అక్కలా చెయ్యి పట్టుకుని మరీ ఆ మాట అంటుంది.

చంద్రిక ఆ మాట మొదటిరోజే విన్నది. పాపన్నపేటనుంచి షేర్ ఆటోలో, సర్టిఫికెట్ల ఫైలు గుండెకు అదుముకుని వచ్చింది. మేడమ్ ఫైలు తెరవలేదు. యాదవ్వ అనే ఆవిడకు గంజి తాగించమని గిన్నె చేతికిచ్చింది. యాదవ్వది రేగోడ్. పక్షవాతంతో కుడిపక్క పడిపోయింది. మాట కూడా పడిపోయిందని అందరూ చెప్పారు. చంద్రిక మంచం పక్కన నిలబడి, స్పూను మీద స్పూను వేసి, గిన్నె ఖాళీ చేసి, మూతి తుడిచి, ఎంత చురుగ్గా చేశానో చూశారా అన్నట్టు మేడమ్ వైపు చూసింది. మేడమ్ తల ఊపి, మంచిగ చేసినవని మెచ్చుకుంది.

మధ్యాహ్నం అన్నాల వేళకు "ముందుగాల నువ్వు" అంటూ చంద్రికను కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు ఒడిలో పెట్టుకొమ్మంది. ఎందుకని అడిగేలోపే పప్పన్నం ముద్ద నోట్లోకి వచ్చింది. అది మింగకముందే రెండోది. మేడమ్ నిలబడి, కిటికీలోంచి వీధిలోకి చూస్తూ, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని ఎవరిదో పెళ్లి ముచ్చట మాట్లాడుతూ కుక్కుతూనే ఉంది. చంద్రిక కళ్లలోంచి నీళ్లొచ్చాయి. పప్పు మెడమీదికి కారింది. ఆగమని చెబుదామంటే నోరు ఖాళీ లేదు.

అంతా అయ్యాక మేడమ్ చెంగుతో ఆమె మూతి తుడిచి, "రుచెట్లున్నది బిడ్డా?" అని అడిగింది.

రుచి సంగతి పక్కన పెట్టి చంద్రిక ఉద్యోగం సంగతి ఆలోచించుకుంది. సాయంత్రం ఇంటికి పోయి, ఆ పిచ్చిదాని దగ్గరికి ఇక పోనని మొగుడు మల్లేశ్‌తో చెప్పింది. ఏం చేసిందేమిటని అతను కంగారుపడ్డాడు. అన్నం తినిపించిందని చెప్పింది. అన్నం తినిపిస్తే అలిగినవాళ్లను ఇప్పుడే చూస్తున్నానని మల్లేశ్ పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వు మీద కోపంతో చంద్రిక మరుసటిరోజు మళ్లీ పోయింది.

ఈసారి స్టూలు లాక్కుని యాదవ్వ కళ్లకు ఎదురుగా కూర్చుంది. ఒక స్పూను పెట్టి, మింగేదాకా ఆగింది. మూడో స్పూను అయ్యాక యాదవ్వ పెదవులు కదిపింది. "ఉప్పు ఎక్కువైంది" అంది. మాట కాస్త ముద్దముద్దగా ఉన్నా తెలుస్తూనే ఉంది. చంద్రిక చేతిలో గిన్నె అట్లాగే ఉండిపోయింది. ఆవిడకు మాట పడిపోలేదు. నోరు ఖాళీగా దొరికితే కదా మాట్లాడడానికి. అప్పటినుంచి యాదవ్వ ఊరుకోలేదు. ఉప్పు గురించి, కారం గురించి, కోడళ్ల గురించి, పక్క మంచంలో పొద్దస్తమానం అరిచే భూమయ్య గురించి చెబుతూనే ఉంది.

భూమయ్య రామాయంపేటలో హైవే పక్కన లారీలు రిపేరు చేసిన మేస్త్రీ. నడుస్తున్న ఇంజను మీదనుంచి మాట్లాడే అలవాటు పోలేదు. మంచినీళ్లు అడిగినా సందు చివరిదాకా వినిపిస్తుంది. ఒకరోజు ఆయన డైపర్ తడిసిందని కేక వేశాడు. డ్యూటీలో ఉన్న రాజేందర్, టీ తాగి వచ్చి మారుస్తానని నింపాదిగా చెప్పాడు. రాజేందర్ ఆ బ్యాచ్‌లో ఒకే ఒక మగపిల్లవాడు. జిమ్ముకు పోతాడు. చొక్కా చేతులు పైకి మడిచి తిరుగుతాడు. మేడమ్ అతని భుజం తట్టి, టీ తాగి క్లాసుకు రమ్మంది.

క్లాసులో ఏం జరిగిందో రాజేందర్ ఇప్పటికీ పూర్తిగా చెప్పడు. చంద్రిక చూసిందల్లా అతను బాత్‌రూమ్‌లోంచి తెల్లముఖంతో రావడం, ప్యాంటు నడుము దగ్గర వింతగా ఉబ్బి ఉండడం, మేడమ్ చేతిలో గోరువెచ్చని నీళ్ల చెంబు ఖాళీగా ఉండడం. పాఠం అయ్యేదాకా కదలకుండా కూర్చోవాలన్నది షరతు. ఆ రోజు పాఠం చర్మం ఒరుసుకుపోవడం గురించి. మేడమ్ చాలా వివరంగా చెప్పింది.

సరిగ్గా అప్పుడే ట్రస్టు ఛైర్మన్ చంద్రకాంత్ గారు చెప్పాపెట్టకుండా తనిఖీకి వచ్చాడు. రైస్‌మిల్లు ఆసామి. మర్యాద తక్కువైతే సహించడు. అందరూ లేచి నిలబడ్డారు. రాజేందర్ లేవలేదు. ఛైర్మన్ అతనివైపు చూశాడు, మళ్లీ చూశాడు. ఎందుకు లేవలేదని అడిగాడు. రాజేందర్ నేల చూపులు చూస్తూ, "తడిసిన సార్" అన్నాడు.

ఛైర్మన్‌కు అర్థం కాలేదు. మేడమ్ అర్థమయ్యేలా చెప్పింది. అప్పుడు ఆయన ముఖం చూడాలి. ఆ అయోమయం పోగొట్టుకోవడానికే కాబోలు, గబగబా వార్డులోకి నడిచి, యాదవ్వ బుగ్గ గిల్లి, చెవిటివాళ్లతో మాట్లాడినట్టు గట్టిగా, "ఏం ముసల్దానా, బువ్వ తిన్నవా?" అని అడిగాడు.

ఏం జరగబోతోందో ఛైర్మన్‌కు తప్ప వార్డులో అందరికీ తెలుసు. మేడమ్ మెల్లగా ఆయన దగ్గరికి పోయింది. మునివేళ్ల మీద లేస్తే తప్ప ఆయన ముఖం అందదు. లేచింది. రెండు బుగ్గలూ రెండు చేతులతో పట్టుకుని సాగదీసి, "ఏం చంద్రకాంతుగా, బువ్వ తిన్నవా? ఒంటికి పోయినవా?" అంది.

భూమయ్య కూడా అరవలేదు. మేడమ్ చేతులు వదిలేసి, ఏమాత్రం తొణకకుండా, ఆవిడ పేరు యాదవ్వ అనీ, మీ అమ్మ వయసు ఉంటుందనీ చెప్పింది. ఛైర్మన్ బుగ్గలు రుద్దుకుంటూ బయటికి నడిచాడు. గేటు దగ్గర ఆగి, ఇంకొక్క తమాషా తన చెవిన పడితే మేడమ్‌ను ఇంటికి పంపి క్లాసులకు తాళం వేస్తానని వాచ్‌మన్‌తో చెప్పి పోయాడు. ఎదురుగా చెప్పే ధైర్యం లేకపోయింది.

ఆ బెదిరింపుకు నేర్చుకునే పిల్లలందరూ భయపడ్డారు. మేడమ్ పడలేదు. ఆ వారంలోనే డాక్టర్ అనూప్‌ను పట్టుకుంది. కొత్తగా పీజీ చేసి వచ్చిన కుర్రడాక్టర్. ఒక ముసలమ్మ ముక్కులో వేసిన గొట్టం పదేపదే పీకేసుకుంటోందని, చేతులు రెండూ మంచానికి కట్టేయమని చెప్పి టీకి కూర్చున్నాడు. చక్కెర కలుపుకునేలోపు ఆయన మణికట్లు గాజుగుడ్డతో కుర్చీ చేతులకు కట్టి ఉన్నాయి. ముందు నవ్వాడు. తర్వాత ఆయన ముక్కుమీద ఈగ వాలింది. తల విదిలించాడు. ఈగ లేచి, మళ్లీ అక్కడే వాలింది. మూతి వంకర తిప్పాడు, ఊదాడు, కుర్చీతో సహా ఎగిరాడు. మేడమ్ ఎదురుగా కూర్చుని తన టీ తాను తాగుతూ, చేతులు కట్టేస్తే ఎక్కడ దురద పుడుతుందో పుస్తకాల్లో రాయలేదా అని అడిగింది. టీ చల్లారకముందే డాక్టర్ గారు ముసలమ్మ కట్లు విప్పించాడు. ఆమె పక్కన మనిషిని కూర్చోబెట్టించాడు. ఆమె ముక్కు దగ్గర గొట్టానికి వేసిన ప్లాస్టర్ ఒరుసుకుని పుండు పడిందని అప్పుడు తెలిసింది. అందుకే పీక్కుంటోంది.

ఇన్ని చూసిన చంద్రిక మేడమ్ కంట్లో పడకుండా పనిచేయడం నేర్చుకుంది. తప్పు చేయకూడదు, చేసినా తెలియకూడదు. అట్లాంటి సమయంలో ఇంట్లో నాలుగేళ్ల కూతురికి జ్వరం పట్టుకుంది. వారమైనా వదలలేదు. ఊళ్లో డాక్టరు ఇచ్చిన మందులకు తగ్గినట్టే తగ్గి, చీకటి పడేసరికి మళ్లీ కాగేది. మల్లేశ్ కోతల మెషిన్ మీద ఎక్కడో ఊళ్లు పట్టుకుని తిరుగుతున్నాడు. రాత్రంతా తడిగుడ్డలు వేసి, పొద్దున అత్తకు అప్పజెప్పి, ఆటోలో తల వాల్చి నిద్రపోతూ వచ్చేది చంద్రిక. సెలవడగాలంటే భయం. జ్వరం సంగతి చెబితే ఆ మేడమ్ తనను ఏ జ్వరంలో పడేస్తుందో ఎవరికి తెలుసు.

ఆ రోజు పొద్దున భూమయ్యకు ఇవ్వాల్సిన షుగర్ ఇంజక్షన్ తీసుకుని బయలుదేరింది. ఎట్లా నడిచిందో తెలియదు. చేతిలో సూది ఉంది, ఇంకో చేతిలో దూదితో తుడిచిన చర్మం ఉంది.

"బిడ్డా, నాకు షుగర్ లేదు గదనే" అంది యాదవ్వ.

చంద్రిక తలెత్తి చూసింది. తను యాదవ్వ మంచం దగ్గర నిలబడి ఉంది. సూది చర్మానికి వెంట్రుకవాసి దూరంలో ఉంది. ఇంకొక్క క్షణమైతే, ఆ మాట చెప్పలేని మనిషైతే ఏమయ్యేదో నర్సుగా ఆమెకు బాగా తెలుసు. వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో మేడమ్.

మేడమ్ నవ్వలేదు. దగ్గరికి వచ్చి సూది తీసుకుని ట్రేలో పెట్టింది. చంద్రిక చెయ్యి పట్టుకుంది.

"జరిగింది డాక్టర్‌కు నువ్వే చెప్పాలె. గని ఇప్పుడు గాదు" అంది. యాదవ్వకు ఇవతల పక్క ఖాళీగా ఉన్న మంచం చూపించి, "ముందుగాల నువ్వు" అంది.

షుగర్ ఇంజక్షన్ తనకే చేస్తుందా? చేతులు కట్టేస్తుందా? చంద్రిక చెంబు ఎక్కడుందో చూసింది. మేడమ్ ఆమె చెప్పులు విప్పించి, మంచం ఎక్కించి, దుప్పటి మెడదాకా కప్పి, పక్క కడ్డీ పైకి లేపింది.

"ఇయ్యాల్టి పాఠం, పేషెంటుకు పైకప్పు ఎట్ల గనపడ్తదో తెలుసుకునుడు. కండ్లు తెరిచినవంటే ఫెయిల్" అంది.

"కండ్లు మూసుకుంటే పైకప్పు ఎట్ల గనపడ్తది మేడమ్?"

"పేషెంట్లు ప్రశ్నలడుగొద్దు."

చంద్రిక కళ్లు మూసుకుంది. ఇప్పుడేం చేస్తారో, ఇప్పుడేం చేస్తారో అని ఒళ్లంతా బిగబట్టుకుని ఎదురుచూసింది. ఆ ఎదురుచూపులోనే నిద్రపట్టింది.

మెలకువ వచ్చేసరికి కిటికీలో ఎండ ఎర్రబడి ఉంది. పగలంతా పోయింది. చటుక్కున లేవబోతే యాదవ్వ అవతలి మంచం మీదనుంచి భూమయ్య చెయ్యి అడ్డంగా ఊపాడు.

"పండుకో బిడ్డా, ఇంక మేడమ్ లెమ్మనలే" అన్నాడు. గుసగుసగా అన్నాడు. భూమయ్యకు గుసగుస వస్తుందన్న సంగతే చంద్రికకు అప్పటిదాకా తెలియదు.

జరిగిందంతా ఆ గొంతులోనే చెప్పాడు. మేడమ్ ఒక్కొక్క మంచం దగ్గరికీ వచ్చి, ఇది కొత్త పేషెంటు, చప్పుడు పడదు, మీరే చూసుకోవాలని అప్పజెప్పిందట. భూమయ్య మంచినీళ్లకు కూడా చెయ్యే ఊపాడట. యాదవ్వ ఎడమచేత్తో విసనకర్ర ఊపి ఈగలు తోలిందట. చంద్రిక చేయాల్సిన పనంతా, ఇంజక్షన్లు, పక్కబట్టలు, స్నానాలు అన్నీ మేడమే చేసిందట. చంద్రిక ఫోను మోగితే బయటికి తీసుకుపోయి మాట్లాడిందట. ఇంటినుంచి అత్త. చాలాసేపు మాట్లాడిందట.

"ఇంకోటి గూడ అయింది" అని భూమయ్య అటూ ఇటూ చూశాడు. "ఛైర్మన్ వచ్చిండు."

తన ఉద్యోగం పోతే పోయింది, మేడమ్ క్లాసులకు తాళం పడింది అనుకుంది చంద్రిక.

భూమయ్య కథ సాగదీశాడు. ఛైర్మన్ హాలులోకి రాగానే, నర్సు డ్రెస్సులోనే మంచం మీద గురకపెడుతున్న మనిషిని చూసి నోరు తెరిచాడట. అప్పుడు యాదవ్వ విసనకర్ర ఆయనకేసి చూపించి, "జర మెల్లగ" అందట. నోరు తెరిచినవాడు తెరిచినట్టే నిలబడ్డాడట. అన్ని మంచాలమీదా ముసలివాళ్లంతా ఆయన్నే చూస్తున్నారట. ఎవరని మేడమ్‌ను గుసగుసగా అడిగాడట. పేషెంటని చెప్పిందట. ఏం రోగమని అడిగితే నిద్ర అని చెప్పిందట. ఛైర్మన్ కాసేపు చంద్రికను చూసి, ఒక చేత్తో తన బుగ్గ తడుముకుని, చెప్పులు విడిచి చేత్తో పట్టుకుని, తనిఖీ అంతా మునివేళ్ల మీదే చేసి పోయాడట.

చంద్రిక లేచి వెళ్లి డాక్టర్ అనూప్‌కు పొద్దున జరగబోయిన తప్పు చెప్పింది. ఆయన తిట్టలేదు. ఇకనుంచి సూది వేసేముందు పేషెంటు పేరు వాళ్ల నోటితోనే చెప్పించుకోవాలని అందరికీ నియమం పెడతానన్నాడు. తర్వాత యాదవ్వ దగ్గరికి పోయి స్టూలు లాక్కుని కూర్చుంది. యాదవ్వే అందుకుని, నువ్వు మస్తు గురకపెడతవని చెప్పింది.

మరుసటిరోజు టిఫిను డబ్బాలు తెరుచుకుని కూర్చున్నప్పుడు చంద్రిక ఈ సంగతి చెబితే, రాజేందర్ తింటున్నవాడు ఆగిపోయాడు. తననూ ఒకసారి అట్లాగే మంచం ఎక్కించిందన్నాడు. గడ్డం గీసుకోనందుకు శిక్ష అనుకున్నాడట. ఎప్పుడని అడిగితే, వాళ్లమ్మ దినాలు అయిపోయి డ్యూటీకి వచ్చిన రోజని చెప్పాడు. ఆశా అనే ఇంకో అమ్మాయి మెల్లగా నోరు విప్పింది. ఆమెనూ మేడమ్ ఒకరోజు పడుకోబెట్టింది. కడుపుతో ఉన్నానని ఆమె అప్పటికి ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు వాంతులతో పొద్దుటినుంచి గోడ పట్టుకుని నడుస్తోంది. పేషెంటు ఎడమపక్కకు తిరిగి ఎట్లా పడుకోవాలో నేర్చుకొమ్మని మేడమ్ సాయంత్రందాకా లేవనీయలేదు.

ముగ్గురూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. రాజేందర్, ఆశా ఇన్నాళ్లూ శిక్ష అనుకుని ఎవరికీ చెప్పుకోకుండా దాచుకున్నారు. ఆ రోజుల్లో తమ పనంతా ఎవరు చేశారన్న ఆలోచన ఆ ఇద్దరికీ రాలేదు.

వెళ్లి మేడమ్‌నే అడిగారు. ఆమె సిరంజీల డబ్బాలు సర్దుతూ, అదంతా సిలబస్‌లో ఉందని చెప్పింది. సిలబస్ తామూ చదివామనీ, అందులో లేదనీ రాజేందర్ అన్నాడు. పాత సిలబస్‌లో ఉండేదని ఆమె మాట మార్చింది. వాళ్లు కదలకుండా నిలబడేసరికి, ఆమె ముఖంలో మొదటిసారి కాస్త బెదురు కనిపించింది. చీర కొంగు మళ్లీ బిగించుకుని చంద్రిక మీదికి తిరిగింది.

"నువ్వు ఫెయిలైనవ్. పేషెంటు పక్కన అటెండెంట్ లేకుంటె ఎట్ల? రేపు మళ్ల పరీక్ష. నీ బిడ్డను ఎంట వట్టుకొని రా. మీ అత్తతోని మాట్లాడిన, ఆమె తోల్కొస్తనన్నది."

మరుసటిరోజు పాప వచ్చింది. వార్డంతా ఆమె కోసమే లేచి కూర్చుంది. డాక్టర్ అనూప్ పరీక్ష చేయించి, టైఫాయిడ్ అని తేల్చి, సరైన మందు రాశాడు. తగ్గిపోతుందని ఆయన గట్టిగా చెప్పాకే చంద్రిక ఊపిరి పీల్చుకుంది. ఛైర్మన్ కూడా ఆ పొద్దున ఫోన్ చేశాడు. మొన్నటి పేషెంటు లేచిందా అని అడిగి, తాళం ఊసెత్తకుండా పెట్టేశాడు.

మందు తాగించే దగ్గర చిక్కు వచ్చింది. సీసా మూత తీయగానే వాసన చూసి పాప పెదవులు బిగించేసింది. నానమ్మ బతిమాలింది, చంద్రిక కసిరింది. పట్టుకుని పోసేద్దామన్నట్టు డాక్టర్ చెయ్యి చాపాడు. చాపిన చెయ్యి మధ్యలో ఆగింది. మేడమ్ హాలు ఆ చివరన భూమయ్య గోళ్లు తీస్తోంది. ఇటు తిరగనైనా తిరగలేదు. డాక్టర్ అనూప్ నిట్టూర్చి, మూతలో కాస్త మందు పోసుకుని తానే తాగాడు.

ఆయన ముఖం వంకరలు పోయింది. ఒక కన్ను మూసుకుపోయింది. పాప బిత్తరపోయి చూసింది. తర్వాత కిలకిలా నవ్వింది. వారం దాటింది చంద్రిక ఆ నవ్వు విని.

"డాక్టర్ సాబ్, నువ్ ఇంకోపారి తాగు. గప్పుడు నేన్ తాగుత" అంది పాప.

ఆయన సాయం కోసం చుట్టూ చూశాడు. యాదవ్వ, భూమయ్య, రాజేందర్, అందరూ ఆయన చేతిలో మూతనే చూస్తున్నారు. ఇక తప్పేది కాదని, కళ్లు గట్టిగా మూసుకుని రెండోసారి కూడా తాగాడు.